సంతకాన్ని చివర చూడండి: దేశాధినేతల పత్రాలు సేకరించడం ఎలా

నేను కొన్న మొదటి పత్రం తోలుకాగితం మీద ఉంది. 1835 నాటి అమెరికా భూమి పట్టా. కింద కుడివైపున వంపులు తిరిగిన పెద్ద అక్షరాల్లో ఆండ్రూ జాక్సన్ పేరు. ఏడో అధ్యక్షుడి చేవ్రాలు నా చేతిలో ఉందన్న సంబరంలో రెండు రాత్రులు నిద్రపట్టలేదు. మూడో రోజు భూతద్దం పెట్టి చూశాను. ఆ పేరు కిందే చిన్న అక్షరాల్లో ఇంకో పేరు, దాని పక్కన 'సెక్రటరీ' అన్న మాట కనిపించాయి. తర్వాత చదివితే తెలిసింది: అంతకు ముందు అధ్యక్షులే ప్రతి పట్టా మీదా సంతకం చేసేవారు. ఆ కాగితాలు గుట్టలు పడిపోవడంతో, అధ్యక్షుడి తరఫున ఒక సెక్రటరీ సంతకం పెట్టొచ్చని 1833 మార్చి 2న చట్టం చేశారు.

పత్రం అసలైనదే, కాలమూ అసలైనదే. సంతకం మాత్రం జాక్సన్‌ది కాదు. అమ్మినాయన అబద్ధం ఆడలేదు కూడా. బిల్లు మీద 'జాక్సన్ కాలపు పట్టా' అనే రాశాడు. నిజం కాగితం మీదే రాసి ఉంది, చదవంది నేను.

కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్ళ కళ్ళు నేరుగా సంతకం మీదికి పోతాయి. అందుకే ఈ వ్యాసంలో నేను చెప్పే వరసంతా తలకిందులుగా ఉంటుంది. పత్రం ఏమిటి, ఎవరు రాశారు, ఏ కాగితం, ఏ సిరా, ఎవరి చేతులు మారి వచ్చింది అన్నవి ముందు. సంతకం ఆఖరున.

ముందు పరిధి గీసుకోండి

రాజులు, చక్రవర్తులు, అధ్యక్షులు, నియంతలు అందరినీ కలిపి సేకరిస్తానంటే కుదరదు. డబ్బు సంగతి తర్వాత, అన్నిటి మీదా అవగాహన తెచ్చుకోవడానికి ఒక జీవితం చాలదు. చాలామంది ఒక దేశాన్నో ఒక వ్యక్తినో ఎంచుకుంటారు. నన్నడిగితే ఒక రకం పత్రాన్ని ఎంచుకోండి. సైనిక నియామక పత్రాలు, భూమి పట్టాలు, క్షమాభిక్ష ఉత్తర్వులు, నౌకా పత్రాలు... ఏదో ఒకటి. ఒకే రకానివి ఇరవై పత్రాలు జాగ్రత్తగా చూసినవాడికి ఇరవయ్యొకటోదానిలో తేడా ఉంటే చెయ్యి తగలగానే తెలిసిపోతుంది.

నాకు ఇష్టమైనవి నౌకా పత్రాలు. తొలి అమెరికా అధ్యక్షులు సంతకం చేసిన 'మెడిటరేనియన్ పాస్'ల పై అంచు తిన్నగా ఉండదు, అలలు అలలుగా కత్తిరించి ఉంటుంది. కత్తిరించిన పై ముక్కలను, అమెరికా ఓడల జోలికి రాబోమని ఒప్పందం చేసుకున్న ఉత్తర ఆఫ్రికా తీరంలోని బార్బరీ రాజ్యాలకు పంపేవారు. సముద్రంలో ఓడను ఆపిన దొంగల నాయకుడికి అక్షరం ముక్క రాకపోయినా ఫరవాలేదు, తన దగ్గరి ముక్కను ఓడ కెప్టెన్ చూపించిన పత్రం అంచుకు ఆనించి, అలలు కలిస్తే వదిలేసేవాడు. ఇది తెలియనివాళ్ళు ఆ అంచు చూసి 'పైన చిరిగింది' అనుకుని వదిలేసుకుంటారు. తెలిసినవాళ్ళకు అదే మొదటి ఆనవాలు.

'అరుదు' అనే మాటను కూడా జాగ్రత్తగా వాడుకోండి. విలియం హెన్రీ హారిసన్ సంతకాలు సైనికాధికారిగా, గవర్నరుగా చేసినవి బోలెడు దొరుకుతాయి. అధ్యక్షుడిగా చేసినవే దొరకవు, ఎందుకంటే ఆయన 1841 మార్చి 4న పదవి చేపట్టి ఏప్రిల్ 4న చనిపోయారు. ఇంగ్లండులో ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో ఏడాది కూడా నిండకుండా గద్దె దిగిపోయారు. లేడీ జేన్ గ్రేను తొమ్మిది రోజుల రాణి అంటారు. ఇక జార్జ్ వాషింగ్టన్ సంతకాలు వేలల్లో ఉన్నా ధర ఆకాశంలోనే ఉంటుంది. అరుదు వేరు, గిరాకీ వేరు. కాబట్టి ప్రతి పత్రం మీదా అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ తేదీన ఆ మనిషి పదవిలో ఉన్నాడా?

కేటలాగు భాష

వేలం కేటలాగుల్లో మూడు పొడి మాటలు తరచూ వస్తాయి. ఏ.ఎల్.ఎస్. అంటే ఉత్తరమంతా ఆ వ్యక్తి సొంత దస్తూరితో రాసి సంతకం చేసినది. ఎల్.ఎస్. అంటే రాసింది గుమస్తా, సంతకం ఒక్కటే ఆయనది. డి.ఎస్. అంటే ఉత్తరం కాకుండా అధికారిక పత్రం మీద చేసిన సంతకం. మొదటిది అన్నిటికన్నా ఖరీదు, అయితే దేశాధినేతల విషయంలో మీకు ఎక్కువగా తగిలేది మూడోదే. 'ఆపాదితం', 'శైలిలో', 'కాలపు' లాంటి విశేషణాలు కనిపిస్తే ఆగి మళ్ళీ చదవండి. నన్ను పట్టుకుంది ఆ మూడో మాటే.

ఈ చెయ్యి ఎవరిది?

రాజు పేరు ఉన్నంత మాత్రాన రాజు చెయ్యి పడిందని అర్థం కాదు. ఈ తంతు ఆధునిక యంత్రాలతో మొదలైంది అనుకోకండి. షార్లమేన్ చక్రవర్తి శాసనాల కింద ఆయన పేరులోని అక్షరాలన్నీ పేర్చిన ఒక అందమైన గుర్తు ఉంటుంది. దాన్ని గీసింది లేఖకుడు. మధ్యలో చిన్న గీత గీసి వదలడమే చక్రవర్తి పని. విజయనగర రాజుల తామ్రశాసనాల చివర 'శ్రీ విరూపాక్ష' అని ఉంటుంది. రాజు తన పేరు కాకుండా ఇలవేల్పు పేరే చేవ్రాలుగా పెట్టేవాడన్నమాట.

ఇంగ్లండు ఎనిమిదో హెన్రీ చివరి రోజుల్లో, 1545 నుంచి, ఆయన సంతకానికి ఒక అచ్చు చేయించారు. దాన్ని కాగితం మీద గట్టిగా నొక్కితే సిరా లేని గాడి పడేది. ఆ గాడి వెంట నమ్మకస్థుడైన గుమస్తా కలం తిప్పేవాడు. ఆయన వీలునామా మీద ఉన్నది కూడా ఆ అచ్చే. అది చెల్లుతుందా లేదా అని తర్వాత పెద్ద వాదనలే జరిగాయి. నాలుగో జార్జ్ 1830లో మంచం పట్టి కలం పట్టలేకపోతే, స్టాంపు వాడుకోవడానికి పార్లమెంటు ఏకంగా చట్టమే చేసింది. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ దస్తూరిని అచ్చం దించే పనికి ఆస్థానంలో ఒక కొలువే ఉండేది.

ఇక ఆటోపెన్. ఒక మూసను అనుసరించి అసలు కలంతోనే సంతకం గీసే యంత్రం ఇది. కెన్నెడీ కాలం నుంచి అమెరికా అధ్యక్షుల ఉత్తరాల మీద విరివిగా కనిపిస్తుంది. 2011 మే నెలలో ఒబామా ఫ్రాన్సులో ఉండగా, గడువు ముగిసిపోతున్న ఒక చట్టాన్ని పొడిగించే బిల్లు మీద వాషింగ్టన్‌లో ఆటోపెన్ చేతే సంతకం చేయించారు. అంటే చట్టం దృష్టిలో అది చెల్లుబాటే. సేకర్త దృష్టిలో మాత్రం దాని విలువ కాగితం ఖరీదే.

పట్టుకోవడం ఎలాగంటే, ఏ మనిషీ ఒకే సంతకాన్ని రెండుసార్లు వెంట్రుకవాసి తేడా లేకుండా చేయలేడు. అనుమానం వచ్చిన సంతకాన్ని అదే కొలతలో స్కాన్ చేసి, తెలిసిన ఆటోపెన్ నమూనాల మీద పరచండి. గీత మీద గీత కూర్చుంటే అది యంత్రమే. భూతద్దంలో ఇంకా రెండు ఆనవాళ్ళు చూడొచ్చు. గీత మందం మొదటి నుంచి చివరిదాకా ఒకేలా ఉంటుంది. కలం ఆనిన చోట, ఎత్తిన చోట సిరా చిన్న చుక్కలా నిలుస్తుంది. మనిషి చెయ్యి పరుగు మీద వచ్చి కాగితానికి తగులుతుంది, పరుగు మీదే లేస్తుంది, కాబట్టి రెండు కొసలూ సన్నబడతాయి.

సంతకానికీ వయసు ఉంటుంది

ఒకే మనిషి సంతకం ముప్పై ఏళ్ళు ఒకేలా ఉండదు. నెపోలియన్‌ను తీసుకోండి. 1796 దాకా ఇంటి పేరును ఇటలీ పద్ధతిలో 'బువోనాపార్తె' అని రాసేవాడు. ఆ తర్వాత 'బోనాపార్త్'. 1804లో చక్రవర్తి అయ్యాక ఇంటి పేరు వదిలేసి 'నెపోలియన్'. పనులు పెరిగేకొద్దీ ఆ పేరు కూడా అరిగి 'నెప్', చివరికి ఒక్క 'ఎన్' అక్షరం, దాని కింద ఒక గీత. 1800 నాటి ఉత్తరం మీద ఎవరైనా నిండుగా 'నెపోలియన్' అని రాసి అమ్మకానికి పెడితే ఇంకేమీ చూడనక్కర్లేదు.

బ్రిటిష్ రాజుల విషయంలో పేరు పక్క అక్షరాలను పట్టుకోండి. ఆర్ అంటే రాజు లేదా రాణి, ఐ అంటే చక్రవర్తి. ఆ 'ఐ' ఇండియా వల్ల వచ్చింది, 1876 చట్టంతో. కాబట్టి 1860 నాటి విక్టోరియా సంతకం పక్కన 'ఆర్.ఐ.' ఉండకూడదు. అది పోయిన తేదీ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఆరో జార్జ్ ఇండియా చక్రవర్తి బిరుదును అధికారికంగా వదులుకున్నది 1948 జూన్‌లో. అయితే 1947 ఆగస్టు 18న తల్లికి రాసిన ఉత్తరంలోనే ఆయన 'ఐ' మానేశారు. ఆమె ఆ సంగతిని కవరు మీద బాధగా రాసిపెట్టుకుంది. ఒక సామ్రాజ్యం ముగిసిన సంగతి ఒక్క అక్షరం లేకపోవడంలో తెలుస్తుంది. ఈ పిచ్చి నాకు పట్టింది ఇలాంటివాటి వల్లే.

లింకన్ ఉత్తరాల కింద సాధారణంగా 'ఎ. లింకన్' అనీ, అధికారిక పత్రాల మీద పూర్తిగా 'అబ్రహాం లింకన్' అనీ చేసేవాడు. ఆయన ఇచ్చిన సైనిక నియామక పత్రాల మీద యుద్ధ మంత్రి సంతకం కూడా ఉంటుంది. 1862 జనవరి దాకా ఆ మంత్రి కామెరాన్, తర్వాత స్టాంటన్. తేదీకి మంత్రి కలవకపోతే అధ్యక్షుడి సంతకం ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. దొంగ సంతకం చేసేవాడు అధ్యక్షుడి పేరు మీద నెలలు సాధన చేస్తాడు, పక్కనున్న మంత్రిని మాత్రం అంత పట్టించుకోడు. అందుకే నేను మొదట మంత్రి సంతకమే చూస్తాను.

కాగితాన్ని చదవండి

పది రెట్లు పెంచి చూపే భూతద్దం, ఒక చిన్న టార్చి, ఒక అతినీలలోహిత దీపం ఉంటే చాలు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోండి. తెల్లటి గుడ్డ తొడుగులు సినిమాల్లో బాగుంటాయి గానీ, వాటితో కాగితం అంచు పట్టు తెలియక చిరిగిపోతుంది.

మొదట వెనక్కి తిప్పండి. అందుకున్నవాడు మడత మీద రాసుకున్న గుర్తు, తేదీ, ఎవరి నుంచి వచ్చిందన్న ముక్క, దఫ్తరం నంబరు, లక్క ముద్ర పీకిన మచ్చ అన్నీ అక్కడే ఉంటాయి. నిజంగా ఒక ఆఫీసు గుండా నడిచిన కాగితం నాలుగైదు చేతుల గుర్తులు మోసుకొస్తుంది. ముందు వైపు ఘనంగా ఉండి వెనక కడిగిన పలకలా ఉంటే నాకు గుబులు పుడుతుంది.

తర్వాత మడతలు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉండండి. పాత కాగితాల మీద సిరా పాకకుండా జిగురు పూత ఉండేది. మడిచిన చోట ఆ పూత విరిగి, లోపలి పీచు బయటపడుతుంది. మడవక ముందు రాసిన గీత మడత మీదుగా తిన్నగా సాగి, తర్వాత మడతతో పాటు చిట్లిపోయి ఉంటుంది. మడిచి వందేళ్ళయ్యాక రాసిన గీత అయితే మడత దగ్గరికి రాగానే సిరా అద్దుడు కాగితం మీద పడ్డట్టు పక్కలకు పాకుతుంది, సాలెపురుగు కాళ్ళలా. చిరుగుల దగ్గర కూడా ఇదే పరీక్ష. గీత చిరుగు అంచు దాకా వచ్చి తెగిందా, లేక చిరుగును చూసి ముందే ఆగిపోయిందా? ముందే ఆగితే, ఆ రాసినవాడు చిరిగిన కాగితం మీద రాశాడు.

సిరా సంగతి. పందొమ్మిదో శతాబ్దం దాకా యూరపు, అమెరికా ఆఫీసుల్లో ఎక్కువగా వాడింది మాచికాయలు, అన్నభేది, తుమ్మబంక కలిపి చేసిన సిరా. రాసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలి నల్లబడి, ఏళ్ళు గడిచాక గోధుమ రంగుకు తిరుగుతుంది. అది కాగితాన్ని కొద్దికొద్దిగా తింటుంది కూడా. వెనక వైపు టార్చిని ఏటవాలుగా వేస్తే బరువైన గీతల కింద గోధుమ రంగు నీడ కనిపిస్తుంది. ఒక మాట: పత్రం రాసిన సిరా, సంతకం సిరా వేరువేరుగా ఉంటే కంగారుపడకండి. గుమస్తా సోమవారం రాసి పెడితే దొరగారు గురువారం తన బల్ల మీది కలంతో సంతకం చేసి ఉంటారు. అన్నీ ఒకే సిరాతో, ఒకే చేతి ఒత్తిడితో ఉంటేనే నాకు అనుమానం.

కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడండి. దగ్గరదగ్గరగా సన్నగీతలు, వాటికి అడ్డంగా దూరదూరంగా గీతలు కనిపిస్తే పాత పద్ధతి జల్లెడ అచ్చు. గీతల్లేని నునుపు కాగితం 1757 ప్రాంతంలో మొదలైంది. చెక్క గుజ్జు కాగితం పందొమ్మిదో శతాబ్దం మధ్య నుంచి. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా దుకాణాల్లోకి వచ్చింది 1945లో. అతినీలలోహిత దీపం కింద నీలి తెలుపుగా మెరిసిపోయే కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం ఉన్నట్టు, అది 1950 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చినది. అయితే పాత కాగితాన్ని ఎవరో కొత్త అట్టకు అంటించినా అంచుల్లో ఆ మెరుపు కనిపించవచ్చు. దీపం ఒక్కటే తీర్పు చెప్పదు.

అచ్చు నకళ్ళు ఇంకో బెడద. 1864 నవంబరులో, అంతర్యుద్ధంలో కొడుకులను పోగొట్టుకున్న బిక్స్‌బీ అనే తల్లికి లింకన్ పంపిన ఓదార్పు ఉత్తరం అసలు ప్రతి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాని అచ్చు నకళ్ళు మాత్రం ఇప్పటికీ అటకల మీద బయటపడుతూనే ఉంటాయి, ప్రతి ఇంటివాళ్ళూ తమదే అసలుది అనుకుంటారు. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట చూడండి. కలంతో రాస్తే అక్కడ సిరా రెండు పొరలై ముదురుగా ఉంటుంది. అచ్చులో అంతా ఒకే రంగు, లేదా సన్నని చుక్కల గుంపు.

దొంగల దగ్గర నేర్చుకోవాల్సింది

1860లలో పారిస్‌లో వ్రేన్ లుకా అనేవాడు మిషెల్ షాల్ అనే పేరుమోసిన గణిత శాస్త్రవేత్తకు సుమారు 27,000 దొంగ ఉత్తరాలు అమ్మాడు. అందులో క్లియోపాత్రా సీజర్‌కు రాసిన ఉత్తరం ఉంది, అలెగ్జాండర్ అరిస్టాటిల్‌కు రాసినదీ ఉంది. అన్నీ ఫ్రెంచి భాషలో, కాగితం మీద! 1870లో లుకాకు రెండేళ్ళ జైలు పడింది. నవ్వుకోవడం తేలిక. కానీ షాల్ తెలివితక్కువవాడు కాదు, ఆయన పేరుతో సిద్ధాంతాలున్నాయి. సేకరణ నిండాలన్న ఆబ అలాంటిది. మీకు సరిగ్గా ఏది కావాలో అదే, సరిగ్గా మీరు అడిగిన వారానికే దొరుకుతోందంటే ఒకసారి లుకాను తలుచుకోండి.

రెండో పాఠం జర్మనీది. 1983లో బయటికొచ్చిన 'హిట్లర్ డైరీలు' కొన్రాడ్ కుయావ్ రాసినవి. దస్తూరి నిపుణులు అవి అసలైనవే అన్నారు. ఎందుకంటే పోల్చడానికి వాళ్ళకు ఇచ్చిన నమూనాల్లో కొన్ని కూడా కుయావ్ రాసినవే! చివరికి పట్టిచ్చింది కాగితమే. అందులోని తెల్లదనపు రసాయనం యుద్ధం తర్వాతి కాలానిది. కాబట్టి పోల్చే నమూనాను అమ్మేవాడి దగ్గర తీసుకోకండి. వాషింగ్టన్, లింకన్ కాగితాలను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ స్కాన్ చేసి ఉచితంగా పెట్టింది, అక్కడ చూసుకోండి. భూమి పట్టాలకు జనరల్ లాండ్ ఆఫీస్ రికార్డుల సైటు ఉంది. అయితే అందులో ఉన్నవి ఆఫీసు పుస్తకాల్లోకి గుమస్తాలు ఎత్తి రాసుకున్న ప్రతులు. పట్టా ఉందో లేదో తేల్చుకోవడానికి బంగారంలా పనికొస్తాయి, సంతకం పోల్చడానికి పనికిరావు. బ్రిటిష్ సైనిక నియామకాలైతే అక్కడి ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజెట్‌లో ఆ అధికారి పేరు వెతకండి.

మూడోవాడు మార్క్ హాఫ్‌మన్. కాగితం కోసం పాత పుస్తకాల ఖాళీ పేజీలు చించి, మాచికాయ సిరా తానే కాచి, రసాయనాలతో దాన్ని ముసలిదాన్ని చేసేవాడు. పెద్దపెద్ద నిపుణులే బోల్తా పడ్డారు. గుట్టు బయటపడకుండా ఉండటానికి 1985లో సాల్ట్ లేక్ సిటీలో బాంబులు పెట్టి ఇద్దరిని చంపాడు. సూక్ష్మదర్శిని కింద అతని సిరా మొసలి చర్మంలా పగుళ్ళు తేలి కనిపించింది. అసలు పాత సిరా అలా పగలదు. ఈ కథ ఎందుకంటే, కాగితమూ సిరా కూడా సరిగ్గానే ఉన్నప్పుడు ఇక మిగిలేది ఒకటే ప్రశ్న: ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది?

ఎవరి చేతులు మారి వచ్చింది?

అమ్మేవాడిని ఇది సూటిగా అడగండి. ముందు ఎవరి దగ్గర ఉంది, ఏ ఏడాది ఏ వేలంలో అమ్ముడైంది, కేటలాగు పేజీ ఉందా. 'ఒక పాత కుటుంబం నుంచి వచ్చింది' అన్నది జవాబు కాదు. పాత డీలర్లు పత్రం మూలల్లో పెన్సిల్‌తో గుర్తులు వేసేవారు, సేకర్తలు చిన్న ముద్రలు కొట్టుకునేవారు. వాటిని చెరపకండి, చెరిపి ఉంటే ఎందుకని అడగండి.

ఎందుకు అడగాలంటే, 2011 జూలైలో బాల్టిమోర్‌లోని ఒక చరిత్ర గ్రంథాలయంలో, అధ్యక్షుల వస్తువుల సేకర్తగా టీవీల్లో కనిపించే పెద్దమనిషి సహాయకుడితో సహా దొరికిపోయాడు. కోటు లోపల పత్రాలు పట్టేటంత జేబులు కుట్టించుకున్నారు. పత్రంతో పాటు దాని కేటలాగు కార్డు కూడా ఎత్తుకుపోయేవారు, అది అక్కడ ఉండేదని కూడా ఎవరికీ తెలియకుండా. అతని ఇంట్లో వేల పత్రాలు దొరికాయి, కొన్ని అప్పటికే అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు తిరిగి ఇవ్వాల్సిందే. కాలం గడిచినంత మాత్రాన దొంగసొత్తు మీదికాదు. 1865లో అంతర్యుద్ధం చివర ఒక సైనికుడు నార్త్ కరొలైనా రాజధాని నుంచి పట్టుకుపోయిన హక్కుల పత్రం ప్రతిని 2003లో ఎఫ్.బి.ఐ. కొనుగోలుదారు వేషంలో వచ్చి పట్టుకుంది. 138 ఏళ్ళ తర్వాత!

చట్టాలు దేశానికొక రకం. ఫ్రాన్సులో ప్రభుత్వ దఫ్తరానికి చెందిన కాగితం ఎన్నేళ్ళయినా ప్రభుత్వానిదే. అమెరికాలో 1981 జనవరి నుంచి అధ్యక్షుల అధికారిక కాగితాలు ప్రజల ఆస్తి, 1978లో అందుకోసం చట్టం తెచ్చారు. ఇండియాలో 1972 నాటి చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, రికార్డులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మామూలుగా బయట తిరగడానికి వీలున్నది ఆనాడే ఒకరి చేతికి ఇచ్చేసిన పత్రం: నియామక పత్రం అధికారికి, పట్టా రైతుకు, ఉత్తరం అందుకున్నవాడికి. ఆఫీసు ఫైల్లోనే ఉండిపోవాల్సిన కాగితం బయట కనిపిస్తే, అది ఎలా బయటికొచ్చిందో తేలేదాకా ముట్టుకోకండి.

కొనేటప్పుడు

ఇక్కడ చెప్పేది కొంచెమే. వేలంలో సుత్తి దెబ్బ పడిన ధర మీద కొనుగోలుదారు కమిషను, పన్ను, రవాణా, బీమా చేరతాయి. ముందే లెక్కేసుకుని, మీ హద్దును కాగితం మీద రాసుకుని కూర్చోండి. పత్రం నకిలీ అని తేలితే ఎన్నాళ్ళలోపు డబ్బు వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. సర్టిఫికెట్ విలువ దాని మీద సంతకం చేసినవాడి విలువే. దొంగ లింకన్ రాయగలిగినవాడికి దొంగ సర్టిఫికెట్ రాయడం ఏపాటి పని?

చవకగా దొరికినవన్నీ చెత్త అని కూడా అనుకోకండి. బానిసల విముక్తి ప్రకటన అచ్చు ప్రతులు 48 మీద లింకన్ సంతకం చేసి ఇస్తే, 1864లో ఫిలడెల్ఫియాలో సైనికుల సహాయార్థం జరిగిన ప్రదర్శనలో ఒక్కోటి 10 డాలర్లకు పెట్టారు. అన్నీ అమ్ముడుపోలేదు.

దాచుకోవడం

పత్రాలకు ముగ్గురు శత్రువులు: వెలుతురు, తేమ, వాటి యజమాని. మూడోవాడే ప్రమాదకరం. లామినేషన్ చేయించకండి, సెల్లోటేప్ అంటించకండి, చిరుగును జిగురుతో అతికించకండి. మరమ్మతు కావాలంటే పత్ర సంరక్షణ నేర్చినవారికే ఇవ్వండి. వాళ్ళు గోధుమ పిండి గంజి, పలచని జపాన్ కాగితం వాడతారు, అవసరమైతే నీటితో తడిపి మళ్ళీ తీసేయడానికి వీలుండేలా.

కాగితాలను ఆమ్లం లేని ఫోల్డర్లలో, పైన పాలియెస్టర్ తొడుగులో పెట్టండి. పీవీసీ కవర్లు వద్దు, అవి అక్షరాలను తమకు అంటించుకుంటాయి. తోలుకాగితం తీరు వేరు. అది చర్మం కాబట్టి తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది, దాన్ని బిగించి కట్టకండి. గాలిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య, ఏడాదంతా పెద్ద మార్పు లేకుండా ఉంటే మంచిది. గోడకు తగిలించాలని మనసు లాగుతుంది. తగిలించండి, మంచి రంగు నకలును. అసలుది చీకట్లో ఉండనివ్వండి. పటం కట్టిన నియామక పత్రాల్లో సంతకం లేత పసుపు నీడగా మిగిలిపోయినవి ఎన్నో చూశాను. అంతసేపు నిలబడి చూసిన ముఖాలు మాత్రం పెద్దగా లేవు.

ప్రతి పత్రానికీ ఒక చిట్టా రాయండి: ఏమిటి, ఏ తేదీ, ఏ కాగితం, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారు, మీరేం పరీక్షించారు, ఏది తేలలేదు. పత్రం మీద మీరు ఏమీ రాయకండి, ఫోల్డరు మీద మెత్తటి పెన్సిల్‌తో రాసుకోండి.

నా జాక్సన్ పట్టాను అమ్మలేదు. మొదటి ఫోల్డర్లోనే ఉంది. చాలాకాలానికి గానీ పై భాగం చదవలేదు, అందులో ఒక రైతు పేరు, 40 ఎకరాల లెక్క ఉన్నాయి. ఫోల్డరు మీద నేను పెన్సిల్‌తో రాసుకున్నది ఇది: 'భూమి పట్టా, 1835, తోలుకాగితం, 40 ఎకరాలు, అసలైనది. సంతకం సెక్రటరీది.' ఆఖరి మాట కింద రెండు గీతలు.